కరెంటు కారులో చల్లగాలి ఆగిపోతే

కారు మరమ్మతు గురించి ఆడవాళ్ల కార్యక్రమంలో ప్రసంగమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోండి, తప్పు లేదు. కుక్కరు గాస్కెట్టు గురించో, మిక్సీ బ్లేడు గురించో, ఫ్రిజ్ తలుపు రబ్బరు గురించో మాట్లాడితే ఎవరికీ వింతగా ఉండదు. కానీ ఈ నాలుగైదేళ్లుగా మన ఇళ్ల ముందు నిలబడుతున్న కరెంటు కారు ఒక విధంగా వంటింటి సామానుకు దగ్గరి చుట్టమే. రాత్రి ప్లగ్గు పెడతాం, పొద్దున తీస్తాం. కరెంటు బిల్లు వచ్చినప్పుడు లెక్క చూసుకునేది మనమే. పిల్లల్ని ట్యూషనుకు దింపేదీ, పెద్దవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోయేదీ చాలా ఇళ్లలో మనమే. అందులో చల్లగాలి ఆగిపోతే ముందుగా ఉడికిపోయేది కూడా మనమే. అలాంటప్పుడు దాని సంగతి తెలుసుకోవడం మగవాళ్ల పని అని ఊరుకుంటే ఎట్లా?

మన కాగజ్‌నగర్ ఎండ సంగతి కొత్తగా వచ్చినవాళ్లకు చెబితే నమ్మరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఇక్కడ రోహిణి దాకా ఆగనక్కర లేదు, ఏప్రిల్ నడిమికే పగిలేటట్టు ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. కూలరుకు వట్టివేళ్ల తడక మార్చడం, రంజన్ కింద ఇసుక తడపడం, కిటికీకి గోనెపట్టా కట్టి నీళ్లు చల్లడం, ఇవన్నీ మనకు పుట్టుకతో వచ్చిన విద్యలు. కానీ అద్దాలు మూసిన కారులో గోనెపట్టా కట్టుకోలేం కదా!

చల్లగాలి యంత్రానికీ కాగితానికీ ఒక పాత సంబంధం ఉంది. కాగితం పేరే ఊరిపేరైన చోట ఉంటూ ఈ కథ చెప్పకుండా ఉండలేను. ఒకప్పుడు మన ఊరిని కొత్తపేట అనేవారట. 1942లో మిల్లులో కాగితం తయారీ మొదలైంది, పేరు కాగజ్‌నగర్ అయింది. అంతకు నలభై ఏళ్ల ముందు, 1902లో, అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక రంగుల అచ్చుశాలకు పెద్ద చిక్కు వచ్చింది. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా కాగితం సాగేది, తగ్గినప్పుడు కుంచించుకుపోయేది. ఒక రంగు అచ్చువేసి, దాని మీద రెండో రంగు వేసేసరికి బొమ్మ పక్కకు జరిగిపోయేది. విలిస్ కారియర్ అని ఒక ఇంజనీరు, పాతికేళ్ల కుర్రవాడు, గాలిలో తేమను అదుపులో పెట్టే యంత్రం ఒకటి కూర్చాడు. నేటి ఎయిర్ కండిషనింగ్‌కు అదే మొదలు అంటారు. మనిషి చెమట ఆరడానికి కాదు, కాగితం కుదురుగా ఉండటానికి పుట్టిందన్నమాట ఈ యంత్రం. గాలిని చల్లబరచడమే కాక ఆరబెట్టడం కూడా దీని పని అనే సంగతి గుర్తుపెట్టుకోండి. వానాకాలం ముచ్చట వచ్చినప్పుడు పనికివస్తుంది.

ఇక యంత్రం లోపలికి పోదాం. భయపడకండి, ఇది మన రంజన్ సూత్రమే. రంజన్ ఒంటికి పట్టిన నీటి చెమ్మ ఆవిరవుతూ కుండలోని వేడిని లాక్కుపోతుంది. అందుకే లోపలి నీళ్లు చల్లబడతాయి. ఏసీలో నీటికి బదులు ఒక గ్యాసు ఉంటుంది. మన కార్లలో ఎక్కువగా వాడేది ఆర్-134ఏ అనే రకం. కంప్రెసరు దాన్ని అదిమి పిండుతుంది, అది వేడెక్కుతుంది. ఆ వేడిని కారు ముక్కు దగ్గర ఉండే జాలీలాంటి కండెన్సరులో బయటి గాలికి వదిలేస్తుంది. వేడి పోగానే గ్యాసు ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నటి రంధ్రంలోంచి డ్యాష్‌బోర్డు వెనక ఉండే ఇంకొక జాలీలోకి వచ్చి ఆవిరవుతూ అక్కడి వేడిని పీల్చుకుంటుంది. ఫ్యాను ఆ జాలీ మీదుగా గాలిని మన ముఖం మీదికి తోస్తుంది. తరువాత గ్యాసు మళ్లీ కంప్రెసరుకు పోతుంది. అంతే, తిరగలిలాగా అదే చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

ఇందులో ఒక మాటను కొంగున ముడి వేసుకోవాలి. ఈ గ్యాసు ఖర్చయ్యేది కాదు. వంటగ్యాసు మండుతుంది గనుక అయిపోతుంది. ఫ్రిజ్‌లో గ్యాసు పదేళ్లయినా ఎవరైనా నింపుతున్నారా? ఇదీ అంతే. కారులో గొట్టాల అతుకుల దగ్గర ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం ఉంటుంది గాని, నిరుడు నింపింది ఈ ఏడు అయిపోయిందంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టే. చిల్లికుండలో నీళ్లు పోసినందుకు డబ్బు తీసుకునేవాడిని మనం ఏమంటాం?

పెట్రోలు కారుకూ దీనికీ తేడా ఎక్కడుందంటే, కంప్రెసరు దగ్గర. పెట్రోలు కారులో ఇంజను తిరుగుతుంటే బెల్టు లాగి కంప్రెసరును తిప్పుతుంది. కరెంటు కారులో ఇంజనూ లేదు, బెల్టూ లేదు. కంప్రెసరు లోపలే ఒక మోటారు ఉంటుంది. దానికి కరెంటు, కారును నడిపే ఆ పెద్ద బ్యాటరీ నుంచే వస్తుంది. మామూలు కారు బ్యాటరీ 12 వోల్టులు. ఈ పెద్ద బ్యాటరీ చాలా కార్లలో 300 వోల్టులకు పైమాటే. మన ఇంటి ప్లగ్గులో వచ్చేది 230. ఆ పెద్ద కరెంటు పోయే తీగలకు నారింజ రంగు తొడుగు వేస్తారు. బానెట్ ఎత్తినప్పుడు ఆ రంగు కనబడితే చేయి వెనక్కు తీసుకోవలసిందే. పిల్లలకు కూడా చూపించి చెప్పండి, చూస్తే తప్పు లేదు.

ఇంకో సూక్ష్మం ఉంది. కంప్రెసరులో మోటారు చుట్టల మీదుగానే గ్యాసూ, దానితో కలిసిన నూనే పారుతూ ఉంటాయి. కనుక ఆ నూనె కరెంటును ప్రసరించనిదై ఉండాలి. ఎక్కువ కరెంటు కార్లలో పీఓఈ అనే రకం నూనె వాడతారు. పెట్రోలు కార్లలో మామూలుగా వాడేది పీఏజీ అనే రకం. ఈ రెండో నూనె తొందరగా తేమను పీలుస్తుంది, కరెంటును సరిగా అడ్డుకోలేదు. అది కరెంటు కారు కంప్రెసరులోకి పోయిందనుకోండి, చల్లదనం పోవడం ఒక్కటే కాదు, పెద్ద బ్యాటరీ కరెంటు ఎక్కడో లీకవుతోందని కారులోని కంప్యూటరు కనిపెట్టి, కారును కదలనివ్వకుండా కూడా చేయవచ్చు. ఏసీ బాగుచేయించుకుందామని పోతే కారే ఇంటికి రాకుండా పోతుందన్నమాట.

ఇదంతా నాకు పుస్తకంలో చదివితే ఇంతగా పట్టేది కాదు. మా పక్క లైనులో ఒక టీచరమ్మ ఉన్నారు. వాళ్ల అత్తగారిని నెలకు రెండుసార్లు మంచిర్యాల ఆసుపత్రికి తీసుకుపోవాలి. పోను అరవై డెబ్బై కిలోమీటర్లు, రాను అంతే. ఆ పెద్దావిడకు రక్తపోటు, దానికి తోడు కిడ్నీల జబ్బు. నీళ్లు కూడా డాక్టరు కొలిచి తాగమన్నారు. అలాంటి మనిషిని మే నెల మధ్యాహ్నం వేడిగాలి వచ్చే కారులో కూర్చోబెట్టడమంటే ప్రాణంతో చెలగాటమే. అందుకే కారు కొనేటప్పుడు టీచరమ్మ చూసుకున్న మొదటి సౌకర్యం ఏసీ. మూడో ఎండాకాలం రాగానే అదే మొరాయించింది.

దగ్గరలో ఒక ఏసీ మెకానిక్కు చూశాడు. మంచి పిల్లవాడే, చేతిలో పని ఉంది. "మేడం, గ్యాస్ అయిపోయింది. నింపితే ఐసు లెక్క అయితది" అన్నాడు. నింపాడు. పది రోజులు నిజంగానే ఐసు లెక్క అయింది. పదకొండో రోజు మళ్లీ మామూలే. రెండోసారి నింపాడు, ఈసారి వారం కూడా నిలువలేదు. మూడోసారి పోయినప్పుడు, "కంప్రెసర్ పోయినట్టుంది మేడం. విప్పి నూనె పోసి చూస్త. కాకపోతే కొత్తదే వెయ్యాలె, అరవై వేల దాక అయితది" అన్నాడు.

టీచరమ్మ తొందరపడే మనిషి కాదు. "వంటగ్యాసు అంటే మండి అయిపోతది తమ్మీ. ఇది ఎక్కడికి పోయింది? ముందు అది చూపించు. ఇంకొకటి, నువ్వు పోసే నూనె ఏది?" అని అడిగారు.

"అన్ని బండ్లకు పోసేదే మేడం, ఇగో ఈ డబ్బనే."

బానెట్ లోపల ముందు పట్టీ మీద ఒక చిన్న కాగితం అతికించి ఉంటుంది. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు, ఏ నూనె అని దాని మీద రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చూడనైనా చూడరు. ఆమె చదువుకొని పోయారు. డబ్బా మీది పేరు, కాగితం మీది పేరు ఒకటి కాలేదు. "ఉండనీ తమ్మీ, బానెట్ మూసెయ్యి" అన్నారు. ఆ పిల్లవాడు కూడా నొచ్చుకోలేదు. "నాకు ఈ బండ్లు కొత్త మేడం, నిజం చెప్తున్న" అన్నాడట. ఆ మాట అన్నందుకు నాకు అతని మీద గౌరవం పెరిగింది.

తరువాత అదే కంపెనీ కార్లు చూసే పెద్ద ఊరి వర్క్‌షాపుకు తీసుకుపోయారు. అక్కడ ముందుగా ఉన్న గ్యాసును యంత్రంతో బయటికి తీసి తూకం వేశారు. ఉండవలసినదాంట్లో సగం కూడా లేదు. గొట్టాల్లోకి నైట్రోజన్ గాలి ఒత్తిడి పెట్టి చూస్తే కండెన్సరు కింది మూలన, రోడ్డు మీది కంకర ఎగిరి తగిలిన చోట, గుండుసూది మొనంత చిల్లి. కంప్రెసరుకు ఏ రోగమూ లేదు! కండెన్సరు మార్చారు. గొట్టాల్లోని గాలిని, తేమను పంపుతో లాగేసి, కాగితం మీద ఉన్నన్ని గ్రాములే గ్యాసు ఎక్కించారు. అరవై వేలలో నాలుగో వంతు కూడా కాలేదు ఖర్చు. ఆ మధ్యలో రెండు ప్రయాణాలు మాత్రం అత్తగారిని తెల్లవారుజాము రైల్లో తీసుకుపోవలసి వచ్చింది. ఆ కష్టం లెక్కలోకి రాదు కదా.

పాత కండెన్సరు విప్పినప్పుడు ఇంకొకటి బయటపడింది. దాని రేకుల మధ్య తెల్లగా, మెత్తటి పరుపులాగా పత్తి నూగు పేరుకొని ఉన్నది. మన జిల్లా పత్తి జిల్లా. చలికాలం పొడుగునా పత్తి బండ్లు, జిన్నింగు మిల్లులు, రోడ్డు పక్క తుమ్మలకు వేలాడే దూది పోగులు. ఆ నూగంతా గాలిలో ఎగిరి కారు ముక్కులోనే చేరుతుంది. దాని మీద దుమ్ము పడి, వాన పడి అట్టకడుతుంది. ఇక వేడి బయటికి పోయే దారేది? కూలరు తడకకు పాకుడు పడితే గాలి రాదని మనకు తెలుసు. ఇదీ అదే లెక్క. చిల్లి లేకపోయినా, ఈ నూగు వల్లనే సగం చల్లదనం పోయే కార్లు మన వైపు ఉంటాయి. అయితే ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టించి కడిగించకండి, ఆ రేకులు పలుచన, వంగిపోతాయి. సన్నటి ధారతో, నెమ్మదిగా. అది కూడా ఆ పని తెలిసినవాళ్లతో, కారు పూర్తిగా ఆపి ఉంచినప్పుడు.

రోగం మనం కనిపెట్టలేకపోయినా, లక్షణాలు సరిగా చెప్పగలిగితే డాక్టరుకు సగం పని తప్పుతుంది. కారుకూ అంతే. "ఏసీ పనిచేస్తలేదు" అని ఊరుకోకుండా, ఎట్లా పనిచేయడం లేదో చూసి పెట్టుకోండి. గాలి చల్లగానే ఉంది గాని సన్నగా వస్తున్నదా? అయితే ముందు లోపలి ఫిల్టరును అనుమానించాలి. గాలి జోరుగా వస్తున్నది గాని చల్లగా లేదా? అప్పుడు గ్యాసో, కండెన్సరో, కంప్రెసరో చూడాలి. కారు పరుగెత్తుతున్నంతసేపు చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగగానే వెచ్చబడుతున్నదా? కండెన్సరు దగ్గరి ఫ్యాను తిరగడం లేదేమో, నూగు పట్టిందేమో. పెట్రోలు కారులోనైతే ఆగినప్పుడు ఇంజను నెమ్మదిస్తుంది గనుక కొంత చల్లదనం తగ్గడం సహజం. కరెంటు కారులో ఆ సాకు లేదు. నిలబడినా కంప్రెసరు తన వేగంతో తాను తిరగవలసిందే.

మొదట అరగంట బాగా ఉండి తరువాత గాలి దాదాపు ఆగిపోయి, కాసేపు ఆపివేసి మళ్లీ పెడితే బాగుంటే, లోపలి జాలీ మీద మంచు గడ్డకడుతున్నదని అర్థం. పాత ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజరు గడ్డకట్టినట్టు. కాళ్ల కింది మ్యాటు తడిస్తే భయపడకండి. ఏసీ పిండిన నీరు బయటికి పోయే గొట్టం మట్టితోనో ఆకులతోనో మూసుకుపోయి ఉంటుంది. అయిదు నిమిషాల పని. కానీ దాన్ని అట్లాగే వదిలేస్తే వాసనా, బూజూ, కింద వైర్లకు చెమ్మా.

రోగం కానివి కూడా రోగంలాగే కనబడతాయి. ఎకో అనే బటను నొక్కి ఉంటే కొన్ని కార్లలో ఏసీ కావాలనే మందగిస్తుంది. బ్యాటరీ చార్జింగు బాగా తగ్గిపోతే కొన్ని కార్లు మిగిలిన కరెంటును చక్రాలకు దాచిపెట్టి ఏసీని తగ్గిస్తాయి, లేదా ఆపేస్తాయి. వర్క్‌షాపుకు పోయేముందు ఈ రెండూ చూసుకోండి. మెకానిక్కు ఆ బటను నొక్కి "అయిపోయింది, అయిదువందలు" అంటే మనకే సిగ్గు.

ఇప్పుడు అసలైన మాట. కరెంటు కారులో ఏసీ మన సుఖం కోసం మాత్రమే లేదు. ఆ పెద్ద బ్యాటరీ కూడా పసిపిల్లలాంటిదే. మనకు హాయిగా ఉండే వేడిలోనే దానికీ హాయి. చాలా కార్లలో బ్యాటరీ చుట్టూ ఒక చల్లటి ద్రవం తిరుగుతుంది. ఎండ ముదిరినప్పుడు ఆ ద్రవాన్ని చల్లబరచేది ఈ ఏసీ గ్యాసే, ఈ కంప్రెసరే. అందుకే మండుటెండలో వేగంగా చార్జింగు చేసే స్టేషనులో కారు పెట్టి, లోపల ఏసీ వేసుకొని కూర్చుంటే కొన్నిసార్లు గాలి వెచ్చబడుతుంది. చెడిపోయింది కాదు, ఉన్న చల్లదనాన్ని ముందు బ్యాటరీకి ఇస్తున్నది. తల్లి పిల్లకు పెట్టి తాను తరువాత తిన్నట్టు. అదే గ్యాసు తగ్గిపోతే? బ్యాటరీ వేడెక్కుతుంది. కారు తనను తాను కాపాడుకోవడానికి చార్జింగును నెమ్మదిస్తుంది, వేగాన్ని కూడా తగ్గించవచ్చు. బ్యాటరీ ఆయుష్షుకు కూడా వేడి మంచిది కాదు. కారు ధరలో పెద్ద వాటా ఆ బ్యాటరీదే. కనుక "ఎండాకాలం ఎట్లాగో గడిచిపోయింది, వచ్చే ఏడు చూద్దాం" అనే వాయిదా పద్ధతి ఈ కారుకు పనికిరాదు. బ్యాటరీకి ఇట్లాంటి ఏర్పాటు లేని చిన్న కార్లు కూడా కొన్ని ఉన్నాయి. మీది ఏ రకమో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి.

ఇంకో వైపు, ఏసీ వేస్తే చార్జింగు అయిపోతుందని హడలిపోయేవాళ్లను చూస్తున్నాను. మా బంధువుల్లో ఒకాయన భార్యాపిల్లల్ని చెమటలో ముంచి, ఆసిఫాబాదు పోయి వచ్చి, "రెండు పాయింట్లు మిగిలింది" అని సంబరపడ్డాడు. లెక్క చూద్దాం. ఎండలో నిలిపిన కారును మొదట చల్లబరచడానికి కరెంటు ఎక్కువే లాగుతుంది. ఒకసారి చల్లబడ్డాక గంటకు ఒక యూనిట్టు, అటూ ఇటూగా. చిన్న కారు ఒక యూనిట్టుకు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. అంటే గంటసేపు ఏసీ వేసుకున్నందుకు పోయేది ఆరేడు కిలోమీటర్ల దూరం. ముప్పై యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుకు ఇది పెద్ద భారమా? ఏసీ మానేసి హైవే మీద అద్దాలన్నీ దించితే ఎదురుగాలికి కూడా కొంత కరెంటు పోతుంది, ఆ సంగతి ఆయనకు చెప్పినా వినలేదు లెండి.

మిగిలించుకోవాలంటే వేరే దారి ఉంది. బయలుదేరడానికి పది నిమిషాల ముందు, ఇంట్లో ప్లగ్గు పెట్టి ఉండగానే ఏసీ వేయండి. చాలా కార్లకు ఫోనులోంచే వేసే సదుపాయం ఉంది. మొదటి పెద్ద ఖర్చు చాలావరకు ఇంటి కరెంటు మీద పోతుంది, బ్యాటరీ నిండుగా ఉంటుంది. చెట్టు నీడన నిలపడం, అద్దానికి లోపల అట్ట అడ్డం పెట్టడం, ఎక్కగానే ఒక నిమిషం అద్దాలు దించి లోపలి వేడిగాలిని వెళ్లగొట్టడం, ఇవి ఖర్చులేని వైద్యాలు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పెట్రోలు కారు ఏసీ వేసి ఉంటే ఇంజను చప్పుడు వినబడుతుంది. కరెంటు కారు మూగది. ఏసీ నడుస్తున్నా తెలియదు, ఆగిపోయినా తెలియదు. కారు నిలిపి ఉన్నప్పుడు కొంతసేపటికి ఏసీని దానంతటదే ఆపేసే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది. "ఏసీ వేసే ఉంది కదా, బాబు పడుకున్నాడు, రెండు నిమిషాల్లో కూరగాయలు తెచ్చుకుంటా" అని దిగకండి. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. బయటే 44 ఉంటే లోపల ఎంత అవుతుందో మీరే కూడుకోండి. పసిపిల్లల్నీ, పెద్దవాళ్లనూ ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

వానాకాలంలో ఏసీతో పనేమిటంటారా? బ్రూక్లిన్ కాగితం గుర్తుందా? ముసురు పట్టినప్పుడు మన ఊపిరి తేమకే ముందు అద్దం మసకబారుతుంది. గాలిని ఆరబెట్టి ఆ మసకను తుడిచేది ఏసీయే. ఆసిఫాబాదు, వాంకిడి వైపు అడవి దారిలో రాత్రిపూట ముందు అద్దం మసకేస్తే ఏసీ లేకపోవడం చిన్న లోపం కాదు. ఇక చలికాలం. రాష్ట్రమంతటా అతి తక్కువ చలి డిగ్రీల వార్త తరచు మన జిల్లా సిర్పూరు-యు నుంచే వస్తుంది కదా. పెట్రోలు కారులో ఇంజను వేడి ఊరికే దొరుకుతుంది. ఇందులో ఇంజను లేదు గనుక, గీజరులో కాయిల్‌లాగా కరెంటుతోనే వేడి పుట్టించాలి. కొన్ని ఖరీదైన కార్లలో హీట్ పంప్ అని, ఏసీనే తిరగేసి నడిపే ఏర్పాటు ఉంటుంది. వెచ్చదనానికి కరెంటు చల్లదనం కంటే ఎక్కువే అవుతుంది. మన చలి రెండు నెలల ముచ్చటే గనుక దుప్పటి కప్పుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

మన ఊళ్లలో ఈ పని తెలిసినవాళ్లు లేరా అని మీరడుగుతారు. ఇప్పుడిప్పుడే తయారవుతున్నారు. ఐటీఐలలో కరెంటు వాహనాల మెకానిక్కు కోర్సు అని ఒకటి వచ్చింది. 2024లో మన రాష్ట్రంలో 65 ఐటీఐలను కొత్త యంత్రాలతో తీర్చిదిద్దే పని మొదలుపెట్టారు. 2024లోనే కరీంనగర్ నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు కూడా రోడ్డెక్కాయి. బస్సులు తిరిగేచోట వాటిని చూసే చేతులు కూడా తయారు కాక తప్పదు. పదో తరగతి, ఇంటరు అయిన అబ్బాయిలు, అమ్మాయిలు ఇంట్లో ఉంటే ఈ దారి చూడమని చెప్పండి. 300 వోల్టుల పని అంటే ఉత్త ధైర్యంతో చేసేది కాదు. పెద్ద బ్యాటరీ కరెంటును తెంపే స్విచ్చు ఎక్కడుందో, తెంపాక ఎంతసేపు ఆగాలో, ఏ రబ్బరు తొడుగులు వేసుకోవాలో నేర్చుకొని చేసే పని.

అంతవరకూ మన దగ్గరి మెకానిక్కుల్ని దూరం పెట్టమని నేను చెప్పడం లేదు. ఫిల్టరు, నీటి గొట్టం, 12 వోల్టుల చిన్న బ్యాటరీ, ముందు జాలీ దుమ్ము, ఇవి వాళ్లు చక్కగా చూస్తారు. గొట్టం విప్పే మాట వచ్చినప్పుడు మాత్రం అడగండి. చిల్లి ఎక్కడుంది? మీ యంత్రం గొట్టాల్లో పాత నూనె ఉందా, ఈ కారుకు వేరే పెట్టారా? ఎన్ని గ్రాములు ఎక్కిస్తున్నారు? చిల్లి మూసే మందు అని డబ్బాలు అమ్ముతారు, వాటిని వేయనివ్వకండి. ఎక్కువ గ్యాసు పోస్తే ఎక్కువ చల్లదనం అనుకోవడమూ పొరపాటే, పప్పులో ఉప్పు లాంటిది అది. పాత గ్యాసును గాలిలోకి వదిలేయకుండా యంత్రంలోకి లాగమనండి. ఆర్-134ఏ ఒక్క కిలో, భూమిని వేడెక్కించడంలో దాదాపు 1400 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. మన ఎండలకు ఇంకా ఆజ్యం పోయడమెందుకు? కారు వారంటీలో ఉంటే ఎవరి చేతా విప్పించేముందు ఆ పుస్తకం ఒకసారి తిరగేయండి. విప్పాక చూస్తే లాభం లేదు.

చివరగా ఫిల్టరు. చాలా కార్లలో ఇది ముందు సీటు ఎదురుగా ఉండే చిన్న అర వెనకాల ఉంటుంది. అర తలుపు రెండు పక్కలా నొక్కితే కిందికి వాలుతుంది. వెనక పొడుగాటి మూత, దాని లోపల మడతలు మడతలుగా ఫిల్టరు. ఎటు పక్క పైకి ఉందో, బాణం గుర్తు ఎటు చూపుతున్నదో చూసుకొని బయటికి లాగండి. వాకిట్లో నెమ్మదిగా తట్టి దుమ్ము రాల్చండి. నల్లబడితే కొత్తది వేయండి. ధర కూడా భరించలేనిదేమీ కాదు. మన వైపు ఏడాదికి రెండుసార్లయినా చూడాలి, పత్తి ఏరడం అయిపోయాక ఒకసారి, వానలు మొదలయ్యేముందు ఒకసారి. అంతేగాని కూలరు తడకను కడిగినట్టు బకెట్టులో ముంచకండి. చాలావరకు అది కాగితంలాంటి సరుకుతో చేసిందే. నీళ్లలో వేసిన కాగితం ఏమవుతుందో కాగజ్‌నగర్ వాళ్లకు నేను చెప్పాలా?